నంబరు గీకిన సెట్టు

సిగ్నల్ అందని అడవి అంచున పాత వాకీటాకీ చౌకగా దొరికితే ఎవరికైనా ఆశే. ఆ చౌక ఎక్కడి నుంచి వచ్చిందో బ్యాటరీ ఊడదీసి చూడాలి.

అచ్చంపేట బస్టాండుకు కూతవేటు దూరంలో ఒక మొబైల్ రిపేరు దుకాణం. చైత్ర పౌర్ణమికి ఇంకా వారం ఉంది. పొద్దు వాలినా రేకుల కప్పు కింద సెగ తగ్గలేదు. నా ఫోను పగిలిన అద్దం మార్పించుకోవడానికి వెళ్లి స్టూలు మీద కూర్చున్నాను. అంతలో, ఆ పౌర్ణమికి నల్లమల లోపల జరిగే సలేశ్వరం జాతరలో అన్నదానం పెట్టే కుర్రాళ్లు నలుగురు వచ్చారు. వాళ్ల వెంట ఒక కొత్త మనిషి. చేతిలో నల్ల పాలిథిన్ సంచి. సంచి కౌంటరు మీద బోర్లిస్తే ఆరు వాకీటాకీలు టకటకా దొర్లాయి.

"ఆరు సెట్లు. చార్జర్లతోని తొమ్మిది వేలు. షోరూంల ఒక్కటి గూడ రాదు గీ పైసలకు" అన్నాడు కొత్త మనిషి.

కుర్రాళ్లలో ఒకడు ఒక సెట్టు పట్టుకుని రోడ్డు దాటి టీకొట్టు దాకా పోయాడు. "హలో హలో, ఇనబడుతుందా?" అన్న గొంతు ఇక్కడి సెట్టులో ఖంగున పలికింది. నలుగురి మొహాలూ వెలిగాయి. నిరుడు జాతరప్పుడు లొద్దిలో, అంటే లోయలో, కింద బియ్యం అయిపోతే పైకి కబురు పంపడానికి మనిషి నడవాల్సి వచ్చిందట. ఈసారి ఆ తిప్పలు తప్పాయనుకున్నారు.

దుకాణదారు మాత్రం ఏమీ అనలేదు. టంకం కడ్డీ పక్కన పెట్టి, ఒక సెట్టు తీసుకుని బొటనవేలి గోరుతో మీట నొక్కి బ్యాటరీ జార్చాడు. బ్యాటరీ వెనక చిన్న స్టిక్కరు ఉంది. కంపెనీ పేరు ఉన్న పై వరుస శుభ్రంగా చదవడానికి వస్తోంది. దాని కింద నంబరు ఉండాల్సిన వరుసలో బ్లేడు గీతలు. అన్నీ ఒకే వైపుకు, పక్కపక్కన, ప్లాస్టిక్ తెల్లబడేదాకా.

"నంబరేది?"

"పాతయి గదన్నా. అరిగిపోయినయ్."

"బ్యాటరీ ఎన్క ఎవని చెయ్యి తాకుతది అరిగేతందుకు? అరిగితే మీది పేరు గూడ అరగాలె గద?"

మిగతా అయిదూ తీసి చూశాడు. మూడింటికి అవే గీతలు. ఒకదానికి స్టిక్కరే లేదు, జిగురు మరక మాత్రం ఉంది. చివరిదానికి నంబరు ఉంది గానీ, ఆ స్టిక్కరు వంకరగా అతికి ఉంది.

ఇప్పుడెందుకీ మాట

వాకీటాకీ ఈమధ్య ఢిల్లీ నుంచి గల్లీ దాకా చర్చలో ఉంది. 2025 ఏప్రిల్ 22న పహల్గాం దాడి జరిగిన కొద్ది వారాలకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆన్‌లైన్ అంగళ్ల మీద కన్నేసింది. ఏ ఫ్రీక్వెన్సీలో పనిచేస్తుందో, లైసెన్సు కావాలో అక్కర్లేదో చెప్పకుండా వాకీటాకీలు అమ్ముతున్నారని 13 సంస్థలకు నోటీసులిచ్చింది. నిబంధనలకు దూరంగా ఉన్న 16,970కి పైగా అమ్మకపు ప్రకటనలు లెక్కకు వచ్చాయి. ఆ వెంటనే మార్గదర్శకాలు వెలువడ్డాయి. 2026 జనవరిలో ఎనిమిది సంస్థలకు కలిపి 44 లక్షల రూపాయల జరిమానా పడింది.

పెద్ద అంగడి మీద ఇలా నిఘా పెట్టారు. మరి కౌంటరు మీద బోర్లించే పాలిథిన్ సంచి మాటేమిటి? దానికి నోటీసు పంపడానికి చిరునామా ఉండదు. చిరునామా ఉండేది కొన్నవాడికి.

అడవిలో మాట ఖరీదు

అచ్చంపేట వాళ్లకు వాకీటాకీ ఆట వస్తువు కాదు. హాజీపూర్ చౌరస్తా దాటి మన్ననూరు చెక్‌పోస్టు మీదుగా లోపలికి పోయేకొద్దీ ఫోనులో గీతలు ఒక్కొక్కటే రాలిపోతాయి. ఫరహాబాద్ దాటాక ఫోను టార్చిలైటుకు, ఫొటోలకు తప్ప పనికిరాదు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. ఇంత అడవిలో బేస్ క్యాంపుల్లో ఉండే వాచర్లకు, బీట్ తిరిగే గార్డులకు చేతి సెట్టే దిక్కు. ఆ వాచర్లలో చెంచు యువకులూ ఉన్నారు. నిప్పు కనబడినా, ఉచ్చు దొరికినా, ఎలుగు మీద పడినా ముందు నొక్కేది ఆ బటనే.

నల్లమలలో మాట తెగితే ఏమవుతుందో తెలుగువాళ్లందరికీ తెలిసిన రోజు ఒకటుంది. 2009 సెప్టెంబరు 2న అప్పటి ముఖ్యమంత్రి వైఎస్ రాజశేఖరరెడ్డి ఎక్కిన హెలికాప్టర్ కర్నూలు జిల్లా వైపు నల్లమలలో రేడియోకు అందకుండా పోయింది. ఎంతమంది వెతికినా అది కూలిన చోటు తెలిసేసరికి మర్నాటి పొద్దెక్కింది. ముఖ్యమంత్రికే అలా జరిగితే, జాతరలో తప్పిపోయిన ముసలవ్వ సంగతి చెప్పేదేముంది.

కాబట్టి ఆ కుర్రాళ్ల అవసరం నిజమైనదే. సలేశ్వరం దారి ఎరిగినవాళ్లకు అది తెలుసు. వాహనాలు ఆగిన చోటు నుంచి రాళ్లలో గంటల నడక, చివర లోయలోకి ఇరుకైన దిగుడు, ఎదురెదురుగా ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ. అక్కడి దేవుడు లింగమయ్యను తలుచుకుంటూ వేసే కేకలు తప్ప మరో కబురు పైకి రాదు. అన్నదానం గుడారం ఒకచోట, నీళ్ల డ్రమ్ములు మరోచోట, లారీ ఇంకోచోట.

ఇదే అడవికి ఇంకో జ్ఞాపకమూ ఉంది. నక్సలైట్లు, కూంబింగులు నడిచిన సంవత్సరాల్లో ఈ పల్లెల్లో వైర్‌లెస్ సెట్టు కనబడితే రెండే ప్రశ్నలు: పోలీసుదా, దళానిదా? ఇంట్లో ఉంచుకున్నవాడికి ఏ జవాబు చెప్పినా ముప్పే. ఆ రోజులు పోయాయి గానీ, పెద్దవాళ్లు సెట్టును చూస్తే ఇప్పటికీ ఒక అడుగు వెనక్కి వేస్తారు. కుర్రాళ్లకు ఆ బెరుకు లేదు. అది మంచిదే, కొంతవరకు.

నంబరు ఏం చెబుతుంది

పేరున్న కంపెనీ తయారుచేసిన ప్రతి చేతి సెట్టుకూ సీరియల్ నంబరు ఉంటుంది. అది సాధారణంగా మూడు చోట్ల దొరుకుతుంది: బ్యాటరీ వెనక స్టిక్కరు మీద, అట్టపెట్టె మీద, సెట్టు లోపలి చిప్పులో. మొదటి రెండూ బ్లేడుతో పోతాయి. మూడోది అంత సులువుగా పోదు. కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటరుకు ప్రోగ్రామింగ్ కేబుల్ తగిలిస్తే చాలా మోడళ్లలో అది తెర మీద కనబడుతుంది. స్టిక్కరు మీద ఒకటి, చిప్పులో మరొకటి ఉంటే ఏదో జరిగినట్టే.

ఏం జరిగిందన్నది మాత్రం ఒక్క చూపులో తేలదు. పగిలిన సెట్టుకు రిపేరులో కొత్త డొప్ప వేసి ఉండొచ్చు. అది దొంగతనం కాదు, కానీ ఆ రిపేరుకు బిల్లు ఉండాలి. రెండు పాడైన సెట్ల నుంచి ఒక బాగైన సెట్టు చేసి ఉండొచ్చు. నకిలీ సరుకు మీద అసలు పేరు అతికించి ఉండొచ్చు. లేదంటే ఏ ఫ్యాక్టరీ సెక్యూరిటీ గది నుంచో, ఏ నిర్మాణ సంస్థ సైటు నుంచో మాయమై ఉండొచ్చు. అసలు యజమాని ఫిర్యాదులో రాసేది ఆ నంబరే గనుక, దొంగ ముందు దాని మీదే బ్లేడు పెడతాడు.

ఇంకో సంగతి చాలామంది కొనేటప్పుడు ఆలోచించరు. పాత సెట్టులో పాత యజమాని చానళ్లు అలాగే ఉంటాయి. సలేశ్వరం గుట్ట మీద నిలబడి "సాంబారు అయిపోయింది" అని బటన్ నొక్కితే ఆ మాట ఎవరి చానల్లో పడుతుందో నొక్కినవాడికి తెలియదు. చౌక చైనా సెట్లలో కొన్ని 136 నుంచి 174 మెగాహెర్ట్జ్ దాకా, 400 నుంచి 520 దాకా ఎక్కడ కావాలంటే అక్కడ మీటలతోనే తిప్పుకోవచ్చు. ప్రభుత్వ శాఖల మాటలు నడిచేదీ ఆ పరిధిలోనే. ఒక చానల్లో ఒకరు బటన్ నొక్కి పట్టుకుంటే మిగతావాళ్ల మాటకు అడ్డుపడుతుంది. అవతల ఒక గార్డు సాయం కోసం పిలుస్తున్న క్షణం అదే అయితే?

డిజిటల్ సెట్లకు సీరియల్ నంబరుతో పాటు నెట్‌వర్కులో ఒక గుర్తింపు సంఖ్య కూడా పెడతారు. ఎవరు మాట్లాడుతున్నారో కంట్రోల్ రూమ్ తెర మీద కనబడేది దాన్ని బట్టే. ఒకే సంఖ్యతో రెండు సెట్లు తిరుగుతుంటే ఆపద మీట నొక్కింది ఎవరో తెలియదు. వెతికేవాళ్లు వేరే కొండకు పోతారు. ఇలాంటి నెట్‌వర్కులు కొన్నింటిలో పోయిన సెట్టును యజమాని దూరం నుంచే మూగబోయేలా చేయగలడు. నిన్నటిదాకా ఖంగున పలికిన సెట్టు ఒక పొద్దున ఇటుకరాయి అవుతుంది. అమ్మినవాడి ఫోను అప్పటికే స్విచాఫ్.

[బాక్సు] మోడల్ కాగితం వేరు, సెట్టు కాగితం వేరు

పాత సెట్లు అమ్మేవాళ్లు తరచూ ఫోనులో ఒక పత్రం చూపిస్తారు: "ఈటీఏ ఉందన్నా, గవర్నమెంటు సర్టిఫికెట్." ఈటీఏ అంటే పరికర రకానికి ఇచ్చే ఆమోదం. టెలికాం శాఖలోని వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగం దాన్ని ఇస్తుంది. ఆ మోడల్ నిబంధనలకు లోబడి తయారైందని మాత్రమే దాని అర్థం. మీ చేతిలో ఉన్న ఆ ఒక్క సెట్టు ఎక్కడి నుంచి వచ్చిందో అది చెప్పదు. బైకు మోడల్‌కు అనుమతి ఉన్నంత మాత్రాన మీరు కొన్న బైకు దొంగది కాకుండా పోదు కదా. ఛాసిస్ నంబరు చూస్తాం. ఇక్కడ ఛాసిస్ నంబరు పని చేసేది సీరియల్ నంబరే.

గీతే సాక్ష్యం

"నాకు తెల్వదు సార్, బజార్ల కొన్న." పట్టుబడినప్పుడు అందరి నోటా వచ్చే మాట ఇది. నంబరు చెక్కుచెదరని సెట్టు విషయంలో ఆ మాటకు కొంత విలువ ఉండొచ్చు. గీకిన సెట్టు విషయంలో ఆ గీతలే ఎదురు సాక్ష్యం చెబుతాయి.

భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ దొంగ సొత్తు గురించినది. దొంగ సొత్తని తెలిసి తీసుకున్నవాడే కాదు, అలా నమ్మడానికి కారణం ఉండీ దురుద్దేశంతో తీసుకున్నవాడూ దాని కిందికి వస్తాడు. మూడేళ్ల దాకా జైలు. నంబరు గీకి ఉండటం, బిల్లు లేకపోవడం, ధర నాలుగో వంతు ఉండటం: ఈ మూడూ ఒకచోట చేరితే "కారణం లేదు" అని వాదించడం ఏ వకీలుకైనా కష్టమే.

2023 టెలికమ్యూనికేషన్ల చట్టం 42వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకు వేసింది. 2024 జూన్ 26 నుంచి అది అమల్లో ఉంది. పరికరాన్ని విడిగా గుర్తుపట్టే అంకెలు, అక్షరాలు, గుర్తులను ఆ చట్టం టెలికాం గుర్తింపుల కింద లెక్కేస్తుంది. వాటిని మార్చడమూ నేరమే. మార్చారని తెలిసీ అలాంటి గుర్తింపుతో నడిచే రేడియో పరికరాన్ని కావాలని దగ్గర ఉంచుకోవడమూ నేరమే. మూడేళ్ల దాకా జైలు, లేదా 50 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ.

[బాక్సు] వెయ్యి నుంచి 50 లక్షలకు

యాభై దాటినవాళ్లకు రేడియో లైసెన్సు పుస్తకం గుర్తుండే ఉంటుంది. పాటలు వినే రేడియోకు కూడా పోస్టాఫీసులో ఏటా డబ్బు కట్టి ముద్ర వేయించుకునే కాలం 1980ల దాకా నడిచింది. దాని వెనక ఉన్నది 1933 నాటి ఇండియన్ వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం. మాట పంపే ట్రాన్స్‌మిటరును లైసెన్సు లేకుండా ఉంచుకుంటే ఆ చట్టం వేసే శిక్ష మూడేళ్ల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. గుర్తింపు మార్చిన పరికరానికి కొత్త చట్టం పెట్టిన జరిమానా హద్దు దానికి అయిదు వేల రెట్లు.

ఒసాకా కంపెనీకే తెలియలేదు

2024 సెప్టెంబరు 18న లెబనాన్‌లో వాకీటాకీలు పేలాయి. అంతకు ముందు రోజే పేజర్లు పేలాయి. పేలిన వాకీటాకీల మీద జపాన్‌లోని ఒసాకా కంపెనీ ఐకామ్ పేరు, ఐసీ-వీ82 అన్న మోడల్ నంబరు కనబడ్డాయి. ఆ మోడల్ తయారీ 2014లోనే ఆపేశామని కంపెనీ చెప్పింది. నకిలీలను గుర్తుపట్టడానికి తాము అతికించే హోలోగ్రామ్ ముద్ర వాటి మీద లేదని, కాబట్టి అవి తమ దగ్గర్నుంచే వెళ్లాయో లేదో నిర్ధారించలేమని కూడా చెప్పింది.

ఇది చదివి అచ్చంపేటలో ఎవరూ బెంబేలెత్తాల్సిన పనిలేదు. అక్కడివి ఒక యుద్ధంలో భాగంగా మందు దట్టించిన సెట్లు. మనం పట్టించుకోవాల్సింది కంపెనీ ఇచ్చిన జవాబును. తన పేరున్న వస్తువు తనదో కాదో తయారీదారే చెప్పలేకపోయాడు. ఇక సంచిలో తెచ్చినవాడు "ఒరిజినలే అన్నా" అంటే దానికి ఎంత విలువ? మనకు ముప్పు బాంబుతో కాదు, బ్యాటరీతో. సెట్టు నకిలీ అయితే బ్యాటరీ కూడా నకిలీదే అయ్యే అవకాశం ఎక్కువ. ఏప్రిల్ ఎండలో, అన్నం వండే పొయ్యి పక్కన, ఉబ్బిన లిథియం బ్యాటరీ నడుముకు కట్టుకుని తిరగడం తెలివైన పని కాదు.

వాకీటాకీకి కాగితం లేకపోవడం ఎంత దూరం పోతుందో మయన్మార్ చూపించింది. 2021 ఫిబ్రవరిలో సైన్యం గద్దెనెక్కాక ఆంగ్ సాన్ సూచీ మీద మోపిన తొలి కేసుల్లో ఒకటి, ఇంట్లో అక్రమంగా దిగుమతైన వాకీటాకీలు దొరికాయని. అది రాజకీయ కక్ష అని లోకమంతా అంది. అయినా శిక్ష పడింది.

పాతది కొనడమే తప్పా?

కాదు. ఈ మాట గట్టిగా చెప్పాలి. ఎందుకంటే పాత సెట్లను ప్రాణంగా చూసుకునే ఒక సమాజం మన మధ్యే ఉంది. వాళ్లే హామ్ రేడియో వాళ్లు. పరీక్ష రాసి, కేంద్ర ప్రభుత్వం నుంచి లైసెన్సు, సొంత కాల్‌సైన్ తెచ్చుకునే ఔత్సాహికులు. హైదరాబాద్‌లో 1983లో మొదలైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఈ విద్యను చాలామందికి నేర్పింది. ఆ సంస్థ నుంచి అండమాన్ వెళ్లిన బృందం 2004 డిసెంబరు 26న పోర్ట్‌బ్లెయిర్‌లో ఉంది. సునామీ వచ్చి ఫోన్లు మూగబోయినప్పుడు భారతి ప్రసాద్, ఆమె సహచరులు తమ సెట్ల మీద దీవుల కబుర్లు ప్రధాన భూభాగానికి చేరవేశారు.

హాముల్లో సెట్టు చేతులు మారడం మామూలే. కానీ పద్ధతి గల అమ్మకందారు ముందు కొనేవాడి లైసెన్సు నకలు అడుగుతాడు. రసీదు మీద మోడల్, సీరియల్ నంబరు, ఇద్దరి కాల్‌సైన్లు, తేదీ రాసుకుంటారు. రెండెకరాల పొలానికి సర్వే నంబరు చూసుకున్నంత శ్రద్ధగా చూసుకుంటారు. మన బజారులో కరువైంది ఆ శ్రద్ధే. పాత సెట్టును తప్పుపట్టి లాభం లేదు.

మొబైల్ ఫోను విషయంలో ఇప్పుడు కాస్త నయం. స్టార్ హాష్ సున్నా ఆరు హాష్ నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ వస్తుంది. సంచార్ సాథీలో దాన్ని వేస్తే ఆ ఫోను నిషేధిత జాబితాలో ఉందో, అదే నంబరు ఇంకో ఫోనుకూ ఉందో తెలుస్తుంది. సిమ్ కార్డు వేసుకునే వాకీటాకీలకూ ఐఎంఈఐ ఉంటుంది గనుక వాటినీ అలాగే చూడొచ్చు. సిమ్ లేని మామూలు సెట్లకు జనం చూసుకోగల అలాంటి ఉమ్మడి పట్టిక లేదు. అందుకే ఇక్కడ బిల్లు, లైసెన్సు, నంబరు కలిశాయో లేదో కళ్లతోనే చూసుకోవాలి.

అన్నట్టు, "అయిదు వేల కిలోమీటర్ల రేంజి" అని ఊదరగొట్టేవి ఈ సిమ్ వాకీటాకీలే. అవి నడిచేది మొబైల్ టవర్ మీద. సలేశ్వరం లొద్దిలో టవర్ అందదు. అక్కడ వాటి రేంజి సున్నా.

మరి జాతరకేం చేయాలి

లైసెన్సు అక్కర్లేని దారి ఒకటుంది. 2018 నిబంధనల ప్రకారం 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య తక్కువ శక్తితో పనిచేసే సెట్లకు లైసెన్సు మినహాయింపు ఉంది. ఆ మోడల్‌కు ఈటీఏ మాత్రం ఉండాలి. అది కూడా కొత్త సెట్టు, పక్కా బిల్లు. కొండ అడ్డొస్తే వాటి మాట ఆగిపోతుంది. కాబట్టి మలుపు మలుపుకూ ఒక మనిషిని నిలబెట్టి కబురు అందించుకోవాలి. అంతకన్నా దూరం మాట్లాడాలంటే లైసెన్సు ఉన్నవాళ్ల సాయం తీసుకోవాలి. జాతరలో అటవీ సిబ్బంది, పోలీసులు సెట్లతో ఉంటారు. అన్నదాన కమిటీ ముందే వాళ్లను కలిసి, ఎవరి గుడారం ఎక్కడో చెప్పి, ఏ మనిషి దగ్గరికి పోతే కబురు అందుతుందో తెలుసుకుంటే సగం పని అయినట్టే.

ఇప్పటికే గీకిన సెట్టు ఇంట్లో ఉన్నవాళ్లకు ఒక్క విన్నపం. దాన్ని ఇంకొకడికి అమ్మి చేతులు దులుపుకోవద్దు. బటన్ నొక్కొద్దు. ఎవరి దగ్గర, ఎప్పుడు, ఎంతకు కొన్నారో, ఫోన్‌పే చేసి ఉంటే ఆ వివరం కాగితం మీద పెట్టుకోండి. ఒక వకీలును అడిగి, సెట్టుతో సహా పోలీస్ స్టేషన్‌లో అప్పగించండి. పట్టుబడ్డాక చెప్పే మాట కన్నా ముందే వెళ్లి చెప్పే మాటకు బలం ఎక్కువ.

ఆ సాయంత్రం దుకాణంలో బేరం కుదరలేదు. కొత్త మనిషి ఏడు వేలకు దిగాడు, అయిదు వేలకు దిగాడు. ధర తగ్గేకొద్దీ కుర్రాళ్లకే అనుమానం పెరిగింది. చివరికి ఎవరో ఫోను చేసినట్టు చెవిన పెట్టుకుని, సంచి సర్దుకుని బస్టాండు వైపు నడిచాడు. దుకాణదారు నా ఫోను అద్దం బిగించి, తుడిచి ఇచ్చి నూట యాభై తీసుకున్నాడు. కుర్రాళ్లు ఎదురు వీధిలో ఆటవస్తువుల కొట్టుకు పోయి రెండు డజన్ల విజిళ్లు కొన్నారు. ఒక ఊత ఊదితే నీళ్లు, రెండు ఊదితే బియ్యం, ఆగకుండా ఊదితే ఎవరికో బాగాలేదని.

బిల్లు కూడా అడిగి తీసుకున్నారు.